దాటేసిన వరుసలు

షోలాపూరు నుంచి వచ్చిన రాజమల్లయ్యను కిందటి వారం మనం పంటి నొప్పులు చూసే పండ్ల దవాఖాన గడప మీదే నిలబెట్టి వచ్చాం. చేతిలో రేకు పెట్టె, రుమాలు నిండా రైలు బొగ్గు, నోట్లో ఒకే ఒక్క మాట: "రేపు పొద్దుగాల బస్సుకు తయారుగుండు." ఏడాదిన్నర తర్వాత కనిపించిన మొగుడు అన్న ఆ మాటకు ఐలవ్వ అవుననలేదు, కాదనలేదు. తొక్కుతున్న కాలు మాత్రం ఆపింది. కాలు ఆగేసరికి యంత్రం ఆగింది. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న బియ్యం వ్యాపారి కళ్ళు కూడా తెరిచాడు. సూది పట్టుకున్న డాక్టర్ కాశీనాథం గారి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

ఈ వారమే మన సిద్దిపేట బజారులో దిగిన పాఠకులకు నాలుగు ముక్కలు చెప్పాలి. కాశీనాథం గారు కలకత్తాలో పండ్ల వైద్యం చదివి వచ్చిన మనిషి. దవాఖానకు కరెంటు లేదు. పిప్పి పన్నును తొలిచే సూది తిరగాలంటే పక్కన ఒక మనిషి కూర్చుని, కుట్టు మిషను తొక్కినట్టు కాలితో యంత్రం తొక్కాలి. పదేళ్ళు తొక్కిన దత్తాత్రి, యుద్ధం మొదలయ్యాక, సైన్యం మకాం ఉండే లష్కరులో మిలిటరీ దవాఖాన వాళ్ళు బూట్లు, బట్టలు, గోధుమలు ఇస్తామంటే చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత మనుషులు దొరకలేదు. కాళ్ళూ చేతులూ ఆడే వాళ్ళంతా అయితే మిలిటరీకి, లేకపోతే మిల్లులకు. డాక్టరుగారు వెతికి వెతికి ముగ్గురిని తెచ్చుకున్నాడు. ఒకడు తొక్కుతూ తొక్కుతూ నిద్రపోయాడు. ఇంకొకడు రక్తం చూసి కళ్ళు తిరిగి పడిపోతే రోగి లేచి వాడి మొహాన నీళ్ళు చల్లాడు. మూడోవాడు రోగి పెట్టిన కేక విని రోగి కంటే ముందు బజారులోకి పరుగెత్తాడు.

అప్పుడు వచ్చింది ఐలవ్వ. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి. నేత కుటుంబం. నూలుకు కంట్రోలు వచ్చి మగ్గం మూలపడితే మొగుడు రాజమల్లయ్య షోలాపూరు మిల్లుకు వెళ్ళాడు, ఆమె ఇక్కడ ఉండిపోయింది. మగ్గం గుంతలో కూర్చుని గొల్లభామ చీరలు నేసిన కాలు అది. ఒకసారి తొక్కి, పోగు మోసే నాడె ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయేదాకా ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తొక్కడం దానికి అలవాటు. పండ్ల యంత్రం దగ్గర కూడా అట్లాగే తొక్కింది. సూది తిరగడం, ఆగడం, మళ్ళీ తిరగడం. డాక్టరుగారు ఎనిమిది రోజులు తిట్టాడు. తొమ్మిదో రోజున కుర్చీలో ఉన్న మనిషి ఎందుకు అరవడం లేదా అని ఆలోచనలో పడ్డాడు. సూది ఆగిన ఆ క్షణంలో పన్ను చల్లబడుతోంది, నొప్పి నరానికి ఎక్కడం లేదు. ఆ రోజు నుంచి ఆయన తిట్టడం మానేసి, తన చేతిని ఆమె కాలికి జత చేసుకున్నాడు. ఇప్పుడు ఇంకెవరు తొక్కినా ఆయనకు పని సాగదు.

సిద్దిపేటలో నొప్పి ఉండదట అని హుస్నాబాద్ నుంచి బండ్లు కట్టుకుని వస్తున్నారు. గదిలో ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది కదా అని, ఇన్నాళ్ళూ దవడలు పట్టుకుని ఇళ్ళల్లో ఏడ్చిన ఆడవాళ్ళు కూడా గడప దాకా వస్తున్నారు. ఐలవ్వ పోతే ఆ దవాఖాన తలుపులు మూసుకోవలసిందే. ఆ సంగతి డాక్టరుగారికి బాగా తెలుసు. అందుకోసం ఆయన ఒక తప్పు చేశాడు. అది ఇప్పటిదాకా మీకు కూడా చెప్పలేదు.

తెల్లవారింది. బస్సు పది గంటలకు. పెట్రోలు దొరకని రోజులు కాబట్టి బస్సు వెనక బొగ్గు పొయ్యి రాజేసి, గ్యాసు పట్టేదాకా ఊదుతూ ఉండాలి. పది అంటే పదకొండు కూడా కావచ్చు. కానీ అది పోతే ఆ రోజుకు ఇంకో బస్సు లేదు, ఎల్లుండి పొద్దునకు మిల్లు గేటు దగ్గర లేకపోతే రాజమల్లయ్యకు పని లేదు.

దవాఖాన వెనక గదిలో కుంపటి మీద డాక్టరుగారి భార్య భారతమ్మ గారు పనిముట్లు ఉడకబెడుతోంది. వంట కంటే ఈ ఉడకబెట్టడమే తనకు బాగా వచ్చని ఆమె తానే చెప్పుకుంటుంది, తిన్నవాళ్ళెవరూ కాదనరు. డాక్టరుగారు గడ్డం గీసుకున్నాడు గానీ ఎడమ చెంప మరిచిపోయాడు. అద్దం ముందు నిలబడి ఆయన తయారు చేసుకున్న మాటలన్నీ, ఐలవ్వ, రాజమల్లయ్య లోపలికి రాగానే ఒక్కసారిగా బయటకు దూకాయి.

"కూసోండ్రి, ఇద్దరు కూసోండ్రి. రాజమల్లూ, నేను చెప్పేది జర ఇను. ఐలవ్వ జీతం పెంచుత. ఎనకాల అర్ర ఖాళీగున్నది, కిరాయి లేదు. దసరాకు చీర. బతుకమ్మకు ఇంకోటి. దత్తాత్రికి నేను ఎన్నడన్న ఇట్ల అన్ననా? అనలే. అందుకే ఆడు పోయిండు. నాకు బుద్ధొచ్చింది."

రాజమల్లయ్య కూర్చోలేదు. మంచి మనిషి, మాట తక్కువ. మిల్లు మోతలో బతికి బతికి మాట్లాడేటప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడతాడు, అంతే.

"జీతం మాట కాదు డాక్టరుసాబు. నేను మూడు ఉత్తరాలేసిన. మూడిట్ల ఒక్కటే మాట రాయించిన. వచ్చిన జవాబులల్ల ఆ మాట ఊసే లేదు. గదేందో నాకు తెల్వాలె. తెల్సుకోనీకె వచ్చిన."

కుంపటి మీద నీళ్ళు గలగలమంటున్నాయి. డాక్టరుగారు తన గీయని చెంప తడుముకున్నాడు.

"ఏం రాయించినవయ్యా?" అంది ఐలవ్వ. గోడ పక్కన నిలబడి ఉంది. ఆమె ఆ మాట అడిగిన తీరులో అడగడం తక్కువ, చెప్పించడం ఎక్కువ ఉంది. డాక్టరుగారు అది గమనించే స్థితిలో లేడు.

మూడుసార్లు రాయించిన ఉత్తరం కాబట్టి రాజమల్లయ్యకు అక్షరం తప్పకుండా నోటికి ఉంది. గోడ వైపు చూస్తూ అప్పజెప్పాడు.

"మిల్లు ఎనకాల గల్లీల అర్ర దొరికింది. కిటికీ ఉన్నది. నీళ్ళ నల్ల దగ్గర్నే. ఖానావళిల తిని తిని నోరు సచ్చింది. పొద్దుగూకి అర్రకొస్తే మాట్లాడ మనిషి లేదు. నువ్వు రావాలె. ఎప్పుడొస్తవో రాయి, టేషన్‌కు వస్త."

అంత పెద్ద మనిషి ఆ చివరి మాట దగ్గర గోడను వదిలి నేల చూశాడు. భారతమ్మ గారు మూకుడు మీద మూత పెట్టి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

ఆ మూడు ఉత్తరాలూ దవాఖాన పేరు మీదే వచ్చాయి. ఐలవ్వకు చదువు రాదు. డాక్టరుగారే చదివి వినిపించాడు. నేను క్షేమం అని చదివాడు, మిల్లులో పగలూ రాత్రీ రెండు పాళీలు నడుస్తున్నాయని చదివాడు, ఆ తర్వాత అయిదు వరుసలు దాటేసి జొన్నల ధర దగ్గర దిగాడు. మూడుసార్లూ సరిగ్గా ఆ అయిదు వరుసలే దాటాడు. జవాబులు కూడా ఆమె చెబితే ఆయనే రాశాడు. ఆమెకు తెలియని ప్రశ్నకు ఆమె జవాబు ఎట్లా చెబుతుంది?

తప్పు చేసిన మనిషికి రెండు దారులుంటాయి: బొంకడం, ఒప్పుకోవడం. మా డాక్టరుగారు ముందు మొదటి దారి తొక్కబోయాడు. "తపాలాల ఏమన్న..." అని మొదలుపెట్టి, భార్య ముఖం చూసి ఆగిపోయాడు. ఆమె ఊరికే చూసింది. ఆయన రెండో దారిలోకి వచ్చాడు.

"తపాలాల ఏం పోలేదు. నేనే సదవలే. ఆ ముక్కలు దాటేసిన."

"దాటేసినరా?" అన్నాడు రాజమల్లయ్య.

"దాటేసిన. మూడుసార్లు."

రాజమల్లయ్య రుమాలు విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. కోపం వచ్చినప్పుడు చేతులకు ఏదో ఒక పని కావాలి.

"మీరు సదువుకున్నోళ్ళు సాబు. మా బోంట్లోళ్ళు మిమ్ముల నమ్మి కాయితం చేతుల పెడ్తరు. ఈ ఏడాదిన్నర నేనేమనుకున్ననో ఎర్కేనా మీకు? దీనికి నేను అక్కర లేదనుకున్న. ఆడ అందరు పెండ్లాలను తెచ్చుకుంటుండ్రు. నీ పెండ్లామేదిరా అంటె, వస్తది, వస్తది అని చెప్పుకుంట తిరిగిన. చెప్పి చెప్పి నాకే సిగ్గయింది."

డాక్టరుగారికి యాభై రెండేళ్ళు. రోగుల కళ్ళలో నీళ్ళు రోజూ చూసే మనిషి. ఆ రోజు ఆయన కళ్ళలోకే వచ్చాయి, ఆయన దాచుకోలేదు.

"రాజమల్లూ, తిట్టు. తిట్టాల్సిందే. ఒక్క మాట మాత్రం ఇను. దత్తాత్రి పోయినంక ఆరు నెలలు నేను ఈ కుర్చీ మీద గుడ్డ కప్పి, పక్కన ఊకెనే కూసున్న. జనం దవడలు పట్టుకోని వస్తుండ్రు, నేను లవంగనూనె పూసి పంపుతున్న. తొక్కె మనిషి లేడు. ఐలవ్వ వచ్చినంక నాకు చెయ్యి తిరిగొచ్చింది. ఆ ఉత్తరం చూసినప్పుడు నా చెయ్యి మల్ల పోతున్నట్టయింది. ఒకసారి దాటిన. రెండోసారి దాటినప్పుడు మొదటిసారిది చెప్పాల్సొస్తదని దాటిన. మూడోసారికి అలవాటయింది. ఇంతకంటె నా తాన జవాబు లేదు. ఐలవ్వా, నన్ను మాఫ్ చెయ్యి."

ఐలవ్వ కొంగు చివర చుట్టి విప్పుతోంది. ఎవరి వైపూ చూడకుండా అంది.

"నాకెర్కనే సాబు."

"ఏమెర్క?"

"మీరు దాటేసిండ్రని. రెండు దిక్కుల నిండ రాసిన ఉత్తరం, మీరు ఆకు వక్క నమిలేలోపల ఒడగొట్టిండ్రు. నేత మనిషిని సాబు, పోగు తెగితే తెల్వదా? మొదటి ఉత్తరం నాడే తీస్కపోయి భారతమ్మతోని సదివించుకున్న."

డాక్టరుగారు గుమ్మం వైపు తిరిగాడు. భారతమ్మ గారు కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మూడు సదివిన," అంది ఆమె నిదానంగా. "మీరు ఎప్పుడు చెప్తరో సూద్దామనుకున్న. ఏడాది పైననే పట్టింది మీకు."

చదివే వాళ్ళు ఇక్కడ నవ్వుకుంటారని నాకు తెలుసు, నాకూ నవ్వు వచ్చింది. కానీ ఆ గదిలో నవ్వని మనిషి ఒకడు ఉన్నాడు. డాక్టరు దాచాడని తెలిసినప్పుడు రాజమల్లయ్యకు కోపం వచ్చింది. పెళ్ళాం దాచిందని తెలిసేసరికి కోపం కూడా పోయింది. నీరసంగా వెళ్ళి రోగులు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. వచ్చినప్పటి నుంచి అతను కూర్చోవడం అదే మొదలు.

"నువ్వు సుత తెలిసి ఊకున్నవా? నేను రమ్మన్న సంగతి తెలిసి?"

"తెలిసి ఊకున్న."

"ఎందుకే?"

ఐలవ్వ వెళ్ళి అతని పక్కన నేల మీద కూర్చుంది. ఏడాదిన్నర తర్వాత మొగుడి మోకాలి మీద చెయ్యి వేసింది. అందరి ముందూ వేసింది.

"వస్తనంటె రావాలె. రానంటె పాపిష్టిదాన్నయిత. డాక్టరుసాబు అబద్ధమాడిండు గద, దాని ఎనక దాక్కున్న. మంచి పని కాదు, నాకు ఎర్కే. నువ్వు గుర్తురాలేదనుకోకు. ఖానావళి మాట ఇన్న నాడు నాకు బువ్వ పోలే. భారతమ్మను అడుగు."

"మరి రావద్దా?"

"వస్తె ఏం చెయ్యాలె ఆడ?"

"అర్రల ఉంటవు. వండుతవు. కండెలు చుట్టె పని మస్తున్నది."

"గదే," అంది ఐలవ్వ. "గదే నా బాధ."

రాజమల్లయ్యకు అర్థం కాలేదు. "గీడ మాత్రం ఏమున్నది? పొద్దుందాక తొక్కుడే గద. మగ్గం కాడ సుత తొక్కుడే."

"తొక్కుడు కోసం ఉన్ననా?" ఐలవ్వ గొంతు మొదటిసారి పైకి లేచింది. "పోయిన నెల అక్కన్నపేట నుంచి ఒక కోడలు పిల్ల వచ్చింది. దవడ గుమ్మడికాయంత. నోరు తెరువమ్మ అంటె, మొగ డాక్టరు చెయ్యి పెట్టొద్దన్నది. ఎంత చెప్పినా ఇనలే. గడప కాడికెల్లే ఏడ్సుకుంట మర్లిపోయింది. నేను యంత్రం కాడ కూసోని సూస్తున్న. నా చెయ్యి గుంజింది. ఆ పన్ను నేను తీస్తుంటి. ఏ పన్నుకు ఏ పట్కారో నాకెర్క. ఎటు తిప్పాలె, ఎప్పుడు గుంజాలె, ఏడాదిన్నర నుంచి సూస్తున్న. నాకు కావాల్సింది చెయ్యి. కాలు కాదు."

మా డాక్టరుగారికి కొన్ని సమయాల్లో నోరు ముందు, బుర్ర వెనక. నిన్నటి నుంచి పడ్డ భారం కాస్త దిగిందేమో, ఫక్కున నవ్వాడు.

"పట్కారు పడ్తవా? పన్ను తీసుడంటె బెండకాయ తెంపుడనుకున్నవా ఐలవ్వా? కలకత్తాల మాకు రెండేండ్ల దాక ముట్టనియ్యలే."

భారతమ్మ గారు గుమ్మం దిగి వచ్చింది. భర్త ముందుకు వచ్చి నిలబడి, వెలుతురు వైపు తిరిగి, నోరు తెరిచింది. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆమె ఆయన ముందు ఇంత నోరు తెరవడం ఇదే మొదటిసారి. తిట్టడానికి కూడా ఇంత తెరవలేదు.

"కింది వరుస," అంది నోరు తెరిచే. "కుడి దిక్కు. చివరి నుంచి రెండోది."

డాక్టరుగారు అలవాటు కొద్దీ వంగి చూశాడు. అక్కడ పన్ను లేదు. పుండు లేదు, వాపు లేదు, విరిగిన ముక్క లేదు. చిగురు శుభ్రంగా కలిసిపోయి ఉంది.

"ఎవలు తీసిన్రు గిది?"

"మీరు సామాన్లు తెస్తనని పట్నం పోయి నాలుగొద్దులున్నరు గద, అప్పుడు. నొప్పికి గోడకు తల కొట్టుకుంటున్న. ఐలవ్వ తీసింది. ఈ కుర్చీలనే."

"నాకెందుకు చెప్పలే? నేను వచ్చినంక నేను తీద్దును గద."

"మీరు తీస్తరనే చెప్పలే," అంది భారతమ్మ గారు. "మీరు తీస్తుంటె జనం ఎట్ల అరుస్తరో ముప్పై ఏండ్ల సంది వంటింట్ల కూసోని ఇంటున్న. నాకు భయం."

రాజమల్లయ్య తల ఎత్తి భార్య చేతుల వైపు చూశాడు. తను ఎరిగిన చేతులే. నూలు పోగులు లాగి లాగి వేళ్ళ చివర ఇంకా కాయలు కాసి ఉన్న చేతులు. ఆ చేతులు డాక్టరు భార్య నోట్లో పని చేశాయంటే అతనికి ఒకవైపు భయం వేసింది, ఇంకొక వైపు ఛాతీ ఉబ్బింది. రెండూ ఒకేసారి వస్తే ఏం చేయాలో తెలియక అతను దగ్గాడు.

డాక్టరుగారు పోయి రోగుల కుర్చీలో కూలబడ్డాడు. సొంత పెళ్ళాం నోట్లో పన్ను పోయిన సంగతి ఏడాది దాకా తెలియని పండ్ల డాక్టరు సిద్దిపేటలో కాదు, నిజాం రాజ్యం మొత్తంలో ఒక్కడే ఉంటాడు. ఆ కుర్చీలో ఆయన కూర్చోవడం అదే మొదలు. పైకి చూస్తే కప్పు కనిపించింది. కప్పుకు పట్టిన బూజు ఇన్నేళ్ళూ రోగులు చూస్తూ పడుకున్నారన్న మాట. మనుషులు దొరకడం లేదని ఊరంతా వెతికాను, ఉన్న మనిషిని సగమే వాడుకున్నాను అనుకున్నాడు. దత్తాత్రి కూడా పదేళ్ళు తొక్కాడు. వాడికి కూడా ఏనాడూ పట్టకారు ఇవ్వలేదు. బూట్ల కోసమే పోయాడని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్నాడు.

లేచి, కాగితం, కలం తీసి బల్ల దగ్గర కూర్చున్నాడు.

"షోలాపూరుల నాతోని సదివిన డాక్టరున్నడు, మల్లూ. నాలెక్కనే మనుషులు దొరకక నెత్తి పట్టుకున్నడు. ఆయనకు చీటీ రాస్తున్న. భారతీ, నువ్వు నా ఎనక నిలబడు. నేను రాసింది రాసినట్టు సదువుతనో లేదో సూడు."

భారతమ్మ గారు వెనక నిలబడింది. కలం ఎన్నడూ లేనంత నెమ్మదిగా నడిచింది. రాయడం అయ్యాక ఆయన పైకి చదివాడు, ఆమె వేలు ఒక్కొక్క వరుస కిందా జరుగుతూ వచ్చింది.

"ఈ చీటీ తెచ్చిన ఐలవ్వ నా దగ్గర ఏడాదిన్నర పని చేసినది. ఈమెను యంత్రం తొక్కుటకు కూర్చోబెట్టవద్దు. పట్టకారు చేతికి ఇచ్చి నేర్పవలెను. నేను నేర్పవలసి ఉండెను. ఈమె నేర్చిన తర్వాత వెళ్ళిపోవునన్న భయముతో నేర్పలేదు. నేర్పనందువలననే పోవుచున్నది. నా భార్య పన్ను తీసిన చెయ్యి ఇది. నా చేతి కంటే తేలిక అని నా భార్యయే చెప్పుచున్నది."

"సరిగ్గ సదివిండ్రు," అంది భారతమ్మ గారు.

డాక్టరుగారు చీటీ మడిచి ఐలవ్వకే ఇచ్చాడు, మొగుడికి ఇవ్వలేదు.

"పోతె గిది తీస్కపో. ఉంటె గీడ సుత గదే మాట. రేపటి సంది నువ్వు తొక్కవు. ఉండుమని మాత్రం నేను అనను. అనే మొఖం నాకు లేదు."

ఐలవ్వ చీటీ పట్టుకుని నిలబడింది. రాత్రి మొగుడి పెట్టె సర్దినప్పుడు ఒక దారే కనిపించింది, ఇప్పుడు రెండు కనిపిస్తున్నాయి. రెండింటిలోనూ తను కోరుకున్నది ఉంది. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే జవాబు చెప్పడం కష్టమయ్యే ఏడుపు అది.

అప్పుడే గుమ్మం ముందు జట్కా వచ్చి ఆగింది. పరదా కట్టిన జట్కా. అందులోంచి దూకింది మున్సిఫు సాబు గారి ఇంటి జవాను భిక్షపతి.

"డాక్టరుసాబు! బేగం సాహెబాకు దవడ వాసింది. మూడొద్దులాయె, గంజి తప్ప ఏం పోతలేదు. కన్ను సుత మూసుకపోతున్నది."

"వస్త పా," అని డాక్టరుగారు సంచి అందుకోబోయాడు.

"మీరు కాదు సాబు. ఘోషా గద. మొగోళ్ళు ముఖం సూడొద్దు. మీ తాన పండ్లు తీసే ఆడమనిషి ఉన్నదట గద, ఆమెను తోల్కరమ్మన్నడు మా మున్సిఫుసాబు. జల్ది."

డాక్టరుగారు భార్య వైపు చూశాడు. భారతమ్మ గారు పైట సవరించుకుని కుంపటి వైపు చూసింది. ఊళ్ళో ఆ సంగతి ఎవరు పొక్కనిచ్చారో మనకు ఇంక వేరే చెప్పనక్కర లేదు.

బజారు చివర బస్సు హారను మోగింది. పొయ్యి అంటుకుందన్న మాట.

గదిలో ఉన్న వాళ్ళందరూ ఐలవ్వనే చూస్తున్నారు. ఆమె మొగుడిని చూస్తోంది. రాజమల్లయ్య బల్ల మీది నుంచి లేచాడు. బస్సు పోతే మిల్లులో పని పోతుంది. ఆ పని కోసం ఎన్ని రోజులు గేటు ముందు నిలబడ్డాడో అతనికే తెలుసు. కానీ అతను ఆ మాట ఎత్తలేదు.

"జట్కా బస్సు ఆగే కాడికెల్లే పోతది గద," అన్నాడు భిక్షపతితో.

"ఔ, గదే తొవ్వ."

"అయితె ఎక్కు," అన్నాడు భార్యతో. "నేను ముందల కూసుంట. బస్సు కాడ నేను దిగుత. నీకు ఏడ దిగబుద్ధయితె గాడ దిగు. నేను గుంజుకపోను. ఉత్తరం రాసి రమ్మన్ననే గాని, గుంజుకపోతనని రాయలే."

డాక్టరుగారు మూకుడులోంచి వేడి వేడి పట్టకార్లు తీసి, ఏవి కావాలో ఏరి, ఉతికిన గుడ్డలో చుట్టి ఐలవ్వ చేతిలో పెట్టాడు.

"ఇను. పన్ను కదుల్తుంటె తియ్యి. కదలకుంటె ముట్టకు. ఉప్పు నీళ్ళు పుక్కిలించుమని చెప్పి నాకు కబురు పంపు, నేను పరదా ఇవతల కూసోని చెప్త. భయమైతదా?"

"ఐతది సాబు."

"కావాలె. నాకు ఇప్పటికీ ఐతది."

ఐలవ్వ వంగి ఆయన కాళ్ళు ముట్టబోయింది. ఆయన వెనక్కి జరిగాడు. ఆమె భారతమ్మ గారి చెయ్యి పట్టుకుని ఒక్క క్షణం వదల్లేదు. తర్వాత ఒక చేతిలో గుడ్డ చుట్ట, ఒక చేతిలో చీటీ పట్టుకుని పరదా లోపలికి ఎక్కింది. రాజమల్లయ్య రేకు పెట్టెతో ముందు కూర్చున్నాడు.

జట్కా కదిలింది. డాక్టరుగారు, భారతమ్మ గారు అరుగు మీదికి వచ్చి నిలబడ్డారు. అక్కడి నుంచి చూస్తే బజారు చివర బస్సు ఆగే చోటు కనిపిస్తుంది. బస్సు వెనక నల్లటి పొగ లేస్తోంది, మూటలు పైకి ఎక్కిస్తున్నారు.

"ఉండుమని ఒక్క మాట అనాల్సుండె," అంది భారతమ్మ గారు.

"అనాలని లేదనుకున్నవా? గొంతు దాక వచ్చింది."

"మరి?"

"ఇన్నొద్దులు నేను అనకుండ ఆపిన. ఈసారి అని ఆపుడెందుకు? ఆమెనే చెప్పనీ."

జట్కా బస్సు పక్కన ఆగింది. రాజమల్లయ్య దిగాడు. పెట్టె దించుకుని వెనక్కి వచ్చి, పరదా దగ్గర నిలబడి ఏదో అన్నాడు. ఏమన్నాడో ఇక్కడికి వినపడదు. కండక్టరు చెయ్యి ఊపి తొందర పెడుతున్నాడు. భిక్షపతి అటు మున్సిఫు ఇంటి దారి వైపు చెయ్యి చూపిస్తున్నాడు.

భారతమ్మ గారు భర్త చెయ్యి పట్టుకుంది.

పరదా పక్కకు జరిగింది. ఐలవ్వ ఏ దారి పట్టిందో వచ్చే వారం చెప్పుకుందాం.